అత్తెసరు: వంటింట్లోంచి మార్కుల్లోకి

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పేపర్లో ఈ మాట పలకరిస్తుంది. 35 దగ్గర ఆగినవి అత్తెసరు మార్కులు. ఒకటి రెండు సీట్ల తేడాతో నిలబడ్డ ప్రభుత్వానిది అత్తెసరు మెజారిటీ. నెలాఖరుకు చాలీచాలని జీతం అత్తెసరు జీతం. మాట తెలియనివాళ్లు లేరు. అయితే అందులో ఉన్న ఎసరు ఏమిటని ఇంటర్ చదివే మా అమ్మాయిని అడిగితే, "ఉద్యోగానికి ఎసరు పెట్టారు అంటారుగా, అదే" అంది. అంటే ఎసరు కూడా పొయ్యి దిగిపోయిందన్నమాట.

అందుకే చర్చకు పెడుతున్నాను. నాకు వ్యాకరణం కంటే అన్నం మీద పట్టు ఎక్కువ. చర్చ కంచం వైపు ఒరిగితే ఏమీ అనుకోకండి.

ఎసరు అంటే బియ్యం ఉడకడానికి పొయ్యి మీద పెట్టే నీళ్లు. పాత పద్ధతిలో అవి ధారాళంగా పెట్టేవారు. ఎసరు తెర్లుతుండగా కడిగిన బియ్యం పోసి, మధ్యలో మెతుకు పట్టి చూసి, లోపల పలుకు ఇంకా కాస్త ఉందనగా దించేవారు. సిబ్బి మూసి, మసిగుడ్డతో పట్టుకుని, గిన్నె వంచి గంజి వార్చేవారు. తర్వాత కాసేపు నిప్పుల మీద ఉంచితే మిగిలిన తేమ పోయి మెతుకు విడేది. ఈ పద్ధతిలో నీళ్ల కొలత గురించి టెన్షన్ లేదు. ఎక్కువైతే వార్పులో పోతాయి. ఎప్పుడు దించాలో తెలిస్తే చాలు.

అత్తెసరులో వార్చడం ఉండదు. బియ్యం ఎంత తాగుతాయో అంతే నీళ్లు పెట్టాలి. ఉడకడం పూర్తయ్యేసరికి గిన్నెలో చుక్క మిగలకూడదు, మెతుకులో పలుకూ మిగలకూడదు. తక్కువైతే అడుగంటుతుంది, ఎక్కువైతే చిమిడిపోతుంది. దిద్దుకునే వీల్లేదు. బియ్యం మీద చూపుడువేలు ఆనించి మొదటి గణుపు దాకా నీళ్లు పోసేవాళ్లని మీరూ చూసే ఉంటారు. గ్లాసు లెక్కలు రాకముందు అదే కొలబద్ద.

ఇప్పుడు నా ఫిర్యాదు. వార్చే అన్నానికి లేని కచ్చితత్వం అత్తెసరుకు కావాలి. మరి అది 'బొటాబొటి', 'ఎలాగోలా' అనే అర్థంలోకి ఎందుకు దిగజారింది? ఇద్దరికో ఒక్కరికో గబగబా వండుకునేటప్పుడు "గుప్పెడు బియ్యం అత్తెసరు పడేశాను" అనేవారు. పదిమందికి వండే ఇంట్లో వార్పు, ఒంటరివాళ్లకి అత్తెసరు. అందులో గంజి రాదు, ఎవరైనా హఠాత్తుగా వస్తే పెట్టడానికి మిగులూ ఉండదు. 'సరిగ్గా సరిపోయినంత' అనే మాటను మన వాళ్లు మిగులు లేదన్న వైపు నుంచి చూశారు. 35 వచ్చిన కుర్రాడి దగ్గరా ఇదే సంగతి, పాసుకు పోగా వాడి చేతిలో ఏమీ మిగల్లేదు.

తమాషా ఏమిటంటే, ప్రెషర్ కుక్కర్ వచ్చాక ఊరంతా తినేది అత్తెసరు అన్నమే. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, మూడు విజిల్స్. వార్చడం లేదు, గంజి లేదు. ఇంటింటా రోజూ ఆ పనే చేస్తూ దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. "ఈవేళ అత్తెసరు పెట్టాను" అంటే పక్కింటివాళ్లు పిల్లాడి పరీక్షల గురించి అనుకుంటారు.

నాకు రోజూ కావలసినవి పెద్దవేం కావు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. బీరకాయతోనో దోసకాయతోనో ఒక రోటి పచ్చడి. మిరియం తగిలే చారు. చివర గడ్డపెరుగు. నా పేచీ అంతా వీటి కింద ఉండే అన్నంతోనే. ముద్దపప్పుకు మెతుకు కొంచెం మెత్తగా ఉండి, పప్పూ నెయ్యీ వేళ్ల మధ్య దానితో కలిసిపోవాలి. ఆవకాయకు పొగలు రావాలి గాని చిమడకూడదు. చిమిడితే ఆవపిండి ఒకచోట ముద్దకట్టి, ఒక ముద్ద మంట, ఒక ముద్ద చప్పన. చారుకు మెత్తనిదే మేలు. పులిహోరకు మెతుకుకు మెతుకు అంటుకోకూడదు, పులుసు పట్టాక కూడా బిరుసు తెలియాలి. పెరుగన్నం కొంచెం చిమిడితేనే బాగుంటుంది, ఎవరేమనుకున్నా సరే. నీళ్లు పావుగ్లాసు అటూ ఇటూ చేసి ఇవన్నీ సాధించవచ్చు, అందుకే నాది అత్తెసరు పార్టీ.

బియ్యం మారితే లెక్క తప్పుతుంది, అది వేరే బాధ. కొత్త బియ్యం తక్కువ తాగి ముద్దవుతాయి. ఏడాది మాగినవి ఎక్కువ తాగి పొడిపొడిగా విచ్చుకుంటాయి, గ్లాసుకు రెండున్నర కూడా పడుతుంది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరిని రైతులు ఇప్పటికీ బీపీటీ 5204 అంటారు, ఆ బీపీటీలో ఉన్నది బాపట్లే. అవే బియ్యం సంక్రాంతికి ఒకలా, తర్వాతి దసరాకు ఇంకోలా ఉడుకుతాయి. కొలత మార్చకుండా బియ్యం బాగాలేవనేవాళ్లతో నేను వాదించను.

మీ వైపు ఈ మాట అన్నం గురించే వాడేవాళ్లు ఇంకా ఉన్నారా? ఇందులో 'అత్త' ఎవరు?

తెనాలి నుంచి ఒక సభ్యురాలు:
అత్తగారేనండీ, సందేహం ఎందుకు? కొత్త కోడలికి బియ్యం, నీళ్లు కొలిచి ఇచ్చేది అత్తగారే. గంజి కూడా మిగలకుండా కొలవడం ఆవిడకే చేతనవును. మా ఇంట్లో ఈ వ్యుత్పత్తికి ఎదురు చెప్పినవాళ్లు లేరు. అత్తగారు ఉన్న గదిలో అసలు ఈ మాట ఎత్తినవాళ్లే లేరు.

విజయనగరం నుంచి ఒక మాస్టారు:
అమ్మా, నవ్వాను. 'అత్తు' అనే క్రియ ఉంది, అంటుకోవడం, కలియడం అని. అతుకు, అతకడం ఆ కుటుంబానివే. నీరు బియ్యంలోకే అత్తిపోయే ఎసరు కాబట్టి అత్తెసరు అనుకుంటే అర్థం చక్కగా కుదురుతుంది. చిక్కు ఏమిటంటే సంధి మనకు సాక్ష్యం చెప్పదు. అత్తు + ఎసరు అన్నా ఉకారం పోయి అత్తెసరే, అత్త + ఎసరు అన్నా అకారం పోయి అత్తెసరే. కోర్టుకు వెళ్తే ఇద్దరూ గెలుస్తారు. నేను మాత్రం అత్తు పక్షం.

సిద్దిపేట నుంచి:
మాది మెతుకు సీమ, మెతుకు గురించి మమ్మల్ని అడగకపోతే ఎట్ల? మా దిక్కు 'వార్చుడు' అనరు, గంజి 'వంపుడు' అంటరు. పెద్దవాళ్లు అన్నాన్ని బువ్వ అనే అంటరు. అత్తెసరు అనే మాట నేను బడిలోనే విన్న, అదీ మార్కుల లెక్కలోనే. ఒక ముచ్చట: సద్దుల బతుకమ్మకు పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వులు కలిపి సద్దులు చేస్తం కదా, వాటన్నిటికీ బువ్వ పొడిపొడిగా ఉండాలె. మా అమ్మ ఆ ఒక్క పొద్దు కుక్కర్ ముట్టదు. పెద్ద గిన్నెల వండి గంజి వంపి, పళ్లెంల ఆరబోస్తది. పావుగ్లాసు లెక్కలు ఎన్ని చేసినా ఆ విడివిడితనం కుక్కర్ల రాదు, అన్నా.

అమలాపురం నుంచి:
సిద్దిపేట వారి మాటకు నా ఓటు. మొదట రాసినాయన వార్పుకు కొంచెం అన్యాయం చేశారు. ఒక పలుకు ముందు దించితే పులిహోరకు, ఇంకాస్త ఆగి దించితే పప్పులోకి. ఇందులో అత్తెసరుకు ఉన్న నేర్పు లేదనడానికి లేదు. పైగా గంజి లేని అన్నం వంట ఏమిటండీ? గంజి వస్తే బట్టలకు పెట్టుకునేవారు. మిగిలింది, బియ్యం కడుగు కలిపి కుడితి తొట్టిలో పోస్తే గేదె తాగేది. ఇంకో వాటా తరవాణి కుండలోకి వెళ్లేది. గంజీ నీళ్లూ పోసి పులియనిచ్చి, ఆ పులుపులో అన్నం నానబెట్టి, పొద్దున్నే ఉప్పు వేసుకుని, పక్కన మాగాయ టెంక పెట్టుకుంటే ఎండాకాలం అంతా ఇంకేమీ అక్కర్లేదు. గేదె ఉన్న ఇంట్లో అత్తెసరు పెడితే గేదెకు ఏం పెడతారు? ఆ మాటకు చులకన అక్కడే వచ్చి ఉంటుందని నా అనుమానం.

మదనపల్లె నుంచి:
మాకు ఈ తగువే లేదు. సంగటికి వార్చేది ఎక్కడ? నూకలు మెత్తగా ఉడికినాక రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, కట్టెతో గెలికి ముద్ద చేసేదే. నీళ్లు ఎక్కువైతే జారిపోతాది, తక్కువైతే పిండి ఉండలు కడతాది. అంటే మేం మొదటినుంచీ అత్తెసరు వాళ్లమే, పేరు పెట్టుకోలేదంతే. దాంట్లోకి చెనిక్కాయల ఊరుబిండి గాని పుల్లగూర గాని ఉంటే మార్కులు ఎన్నొచ్చినా పర్వాలేదు.

న్యూజెర్సీ నుంచి:
ఇక్కడ మన వాళ్ల ఇళ్లలో రైస్ కుక్కరే దిక్కు. అది పనిచేసే తీరు చూస్తే అత్తెసరు కోసమే పుట్టిందా అనిపిస్తుంది. గిన్నెలో నీళ్లు ఉన్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లన్నీ బియ్యంలోకి ఇంకిపోగానే వేడి పైకి లేస్తుంది, మీట టక్కున పడుతుంది. చుక్క మిగల్లేదని చెప్పడమే దాని పని. కొత్తగా వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక: దానితో ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, ఇక్కడి మామూలు కొలత కప్పు 240. ఇచ్చిన కప్పు పోగొట్టుకుని మామూలు కప్పుతో బియ్యం పోసి, గిన్నెలో గీత చూసి నీళ్లు పోశారో, అన్నం పలుకే. మన పాత సోనా మసూరికైతే గీత దాటించి ఇంకొంచెం పోయాలి. పులిహోర కావాలంటే గీత దగ్గరే ఆగండి.

తెనాలి సభ్యురాలు మళ్లీ:
అయితే 95 వచ్చినవాడివి వార్చిన మార్కులా?

మాస్టారు:
95 వచ్చినవాడికి గంజి మిగిలినట్టే అమ్మా. దాన్ని చొక్కాకు పెట్టుకుని తిరుగుతాడు.

చర్చ మొదలుపెట్టినవాణ్ని:
అందరికీ జవాబు ఒకేచోట. మాస్టారూ, అత్తు మీద నాకూ మొగ్గు ఉంది, అత్తగారి కథ మా ఇంట్లో బాగా నడుస్తుంది కాబట్టి రెండూ ఉంచుకుంటాను. మా అమ్మాయి చెప్పిన 'ఎసరు పెట్టడం' కూడా పొయ్యి దగ్గరిదే. ఎసరు పెట్టారంటే బియ్యం పడటానికి ఎంతోసేపు పట్టదు. ఎవరి ఉద్యోగానికో ఎసరు పెట్టారంటే ఉడకబోయేది ఎవరో తెలిసిపోయినట్టే. 'నూకలు చెల్లాయి', 'నీ పప్పులు నా దగ్గర ఉడకవు' కూడా ఈ గిన్నెలోంచి వచ్చినవే. పప్పూ నూకలూ ఇంకా వంటింట్లో ఉన్నాయి కాబట్టి ఆ మాటల మూలం పిల్లలకు ఇట్టే తెలుస్తుంది. వండేవాళ్లు నోటితో అనడం మానేశారు కాబట్టి ఎసరుకు ఆ అదృష్టం లేదు. కుక్కర్లో పోసేవి ఇప్పుడు ఉత్త 'నీళ్లు'.

అమలాపురం వారికి: గేదె సంగతి నాకు తట్టలేదు, ఆ వాదన బలంగా ఉంది. అయినా పార్టీ మారను. సిద్దిపేట చెల్లీ, సద్దులకు ఆరబోయడం గురించి మీరన్నది నిజమే, పులిహోర వరకు మీ అమ్మగారి మాటకే కట్టుబడతాను. న్యూజెర్సీ వారు చెప్పిన మీట సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను. అత్తెసరు అంటే ఏమిటో నా వేలి గణుపు కంటే దానికి అదే బాగా అర్థమైంది.

ఇక మిగిలింది తరవాణి. కుండ ఇంకా ఇంట్లో నడుపుతున్నవాళ్లు ఉంటే రాయండి: గంజి ఎన్నాళ్లకు ఒకసారి మారుస్తారు, కుక్కర్ అన్నమే వండుకునే ఇంట్లో గంజి ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నారు?