చెంగ్డులో ఒక్క రోజే ఖాళీ: జిన్షా మ్యూజియమా, సాన్‌షింగ్‌దుయినా?

సీతమ్మధార సుబ్బు:
అందరికీ నమస్తే. మా చెల్లి చైనాలోని చెంగ్డులో ఎంబీబీఎస్ చదువుతోంది, వచ్చే నెల నాన్నగారిని తీసుకుని వెళ్తున్నా. జిన్షా మ్యూజియం ఊళ్ళోనే ఉంది, అక్కడికి వెళ్దాం అంటోంది తను. మా ఆఫీసులో ఒకాయనేమో సాన్‌షింగ్‌దుయి మ్యూజియం చూడకపోతే వెళ్ళడమే దండగ అన్నాడు. రెండూ తవ్వకాల్లో దొరికిన పురాతన వస్తువుల మ్యూజియాలే. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, కానీ మన వైజాగ్ దగ్గర తొట్లకొండ బౌద్ధ శిథిలాలకి తీసుకెళ్తే ఒక్కో ఇటుక దగ్గరా ఆగే మనిషి. ఏది బెటర్?

గాజువాక వాసు:
మోకాళ్ళ సంగతి చెప్పారు కాబట్టి కళ్ళు మూసుకుని జిన్షాకే వెళ్ళండి సార్. మెట్రో ఏడో లైన్‌లో మ్యూజియం పేరుతోనే స్టేషన్ ఉంది. 2001లో అక్కడ నిర్మాణం పనులకి తవ్వుతుంటే ఏనుగు దంతాలు, జేడ్ రాతి వస్తువులు బయటపడ్డాయి, 2007లో అదే చోట మ్యూజియం తెరిచారు. అసలు చూడాల్సింది తవ్వకాల హాలు. బలులూ పూజలూ జరిగిన నేలని అలాగే ఉంచి పైన కప్పు వేశారు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. చెక్క బాట మీద నిలబడి కిందకి చూస్తే నలుచదరం గుంటలు, వాటి మధ్య వదిలిన మట్టి గట్లు, ఒకచోట మట్టిలోంచి సగం పైకి తేలిన దంతాలు, అన్నీ సుమారు మూడు వేల ఏళ్ళ నాటివి. జనం ఇది గబగబా దాటేసి బంగారం వైపు పరిగెడతారు, అదేటో మరి.

మధురవాడ లక్ష్మి:
బంగారాన్ని అంత తీసిపారేయకండి వాసు గారూ. అక్కడున్న బంగారు సూర్యపక్షి రేకు వ్యాసం 12.5 సెంటీమీటర్లు, మందం 0.02 సెంటీమీటర్లే, బరువు 20 గ్రాములు, అంటే మన లెక్కన రెండు తులాలు. పెద్ద పళ్ళెం అనుకుని వెళ్తాం, చూస్తే గిన్నె మూతంత ఉంటుంది. మధ్యలో 12 కిరణాలు, చుట్టూ ఎగిరే నాలుగు పక్షులు. 2005లో చైనా తన సాంస్కృతిక వారసత్వానికి దీన్నే గుర్తుగా పెట్టుకుంది. మామూలుగా సోమవారం సెలవు, చూసుకోండి. పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి.

బీచ్‌రోడ్డు బాబు:
సాన్‌షింగ్‌దుయి తరఫున ఒక్క మాట. ఊరికి సుమారు 40 కిలోమీటర్లు, గ్వాంగ్‌హాన్‌లో. 1986లో రెండు గుంటల్లో దొరికిన కంచు ముఖాలు, పీఠంతో కలిపి సుమారు 2.6 మీటర్ల ఎత్తున్న కంచు మనిషి చూస్తే నోట మాట రాదు. 2023లో తెరిచిన కొత్త భవనం చాలా పెద్దది, నాన్నగారు మాత్రం అలిసిపోతారు. జిన్షాలోనూ చేతులు అదే తీరున పట్టుకున్న కంచు మనిషి ఒకడున్నాడు, కాకపోతే బుల్లివాడు. సాన్‌షింగ్‌దుయి వెలుగు తగ్గాక జిన్షా పైకొచ్చిందని పరిశోధకులు అంటారు, కాబట్టి ఆయన్ని ఆ బొమ్మ దగ్గర ఆపండి, అరగంట కదలరు.

గాజువాక వాసు:
కప్పు గురించి ఇంకో ముక్క. మన తొట్లకొండ 1976లో నేవీ సర్వేలో బయటపడింది, అంతా ఎండకీ వానకీ బయటే, 2019 వానలకి మహాస్తూపం కొంత కూలింది కూడా. ఆ హాలు చూశాక నాకు కడుపు మండింది బాబూ.

సీతమ్మధార సుబ్బు:
జిన్షాకే ఫిక్స్, టికెట్లు చెల్లికి చెప్పేశా. లోపల తినడానికి ఏమైనా దొరుకుతుందా, పులిహోర కట్టుకెళ్ళాలా?