దారిలో దొరికిన చోటు పదిమందికీ చెప్పాలా, దాచుకోవాలా?

భీమిలి బండి:
అందరికీ నమస్కారం. రిటైరయ్యాక ఇల్లు అద్దెకిచ్చేసి, ఏడాదిన్నరగా నేనూ మా ఆవిడా క్యాంపర్ వ్యాన్‌లోనే ఉంటున్నాం. జైసల్మేర్ ఇసుకలు చూశాం, లద్దాఖ్ కనుమలు దాటాం. ఈమధ్య మన విశాఖ ఏజెన్సీ కొండల్లో తిరుగుతున్నాం. అనంతగిరి దాటాక మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోతే, ఒక గెడ్డ (కొండవాగు) పక్కన బండి నిలిచేంత చదును నేల కనిపించింది. మూడు రాత్రులు ఉన్నాం. పొద్దున్నే మంచు గెడ్డ మీంచి లేచి కాఫీ తోటల్లోకి పాకుతుంటే, చేతిలో టీ చల్లారిపోయినా కదలబుద్ధి కాలేదు.

ఫొటోలు మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెంటనే అందరూ లొకేషన్ పంపమన్నారు. పంపలేదు. 'రోడ్డు మీ సొంతమా?' అని ఒకాయన నొచ్చుకుని గ్రూపులోంచే వెళ్ళిపోయారు. వంజంగి సంగతి మనం చూశాం కదా. మేఘాలు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఆ కొండ మీద నీళ్ళ సీసాలూ బిర్యానీ డబ్బాలూ వదిలి దిగుతున్నారు. ఈ గెడ్డకి ఆ గతి నా చేతులమీదుగా పట్టకూడదనే నా పట్టుదల. నేను చేసింది తప్పా?

ఎంవీపీ కాలనీ వాసి:
తప్పే అంటాను సార్. మనాలి నుంచి లేహ్ వెళ్ళేటప్పుడు టాండీ బంకు దగ్గర 'తర్వాతి బంకు 365 కిలోమీటర్లు' అని బోర్డు ఉండేది. అక్కడ ట్యాంకు నింపుకోవాలని, ఆ దారిలోని పాంగ్ ఎత్తులో కుక్కర్ లేకపోతే అన్నం ఉడకదని మీకు ముందు వెళ్ళినవాళ్ళు చెప్పారా లేదా? వాళ్ళూ దాచుకుంటే మీ ప్రయాణం సాగేదా?

ఇంకో మాట. ఎవరికీ తెలియని చోటు భద్రంగా ఉంటుందన్నది నేను నమ్మను. భీమిలి దగ్గరి మన ఎర్రమట్టి దిబ్బలే చూడండి. 2014లో జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. నలుగురికీ తెలిసినందుకే అక్కడ మట్టి తవ్వితే అడిగేవాళ్ళున్నారు. అనామకంగా ఉండుంటే ఈపాటికి చదును చేసి ప్లాట్లు వేసేవారు. జైసల్మేర్‌కి 17 కిలోమీటర్ల దూరంలో ఆకల్ అనే చోటుంది, మీరూ చూసే ఉంటారు. 18 కోట్ల ఏళ్ళ కిందటి చెట్ల మొదళ్ళు రాళ్ళయి పడున్నాయి. వాటి మీద రేకుల కప్పు, చుట్టూ ఇనుప జాలీ ఎందుకు వచ్చాయి? జనానికి తెలిసింది కాబట్టి.

మర్రిపాలెం అమ్మమ్మ:
మా అమ్మాయి వాళ్ళు అరిజోనాలో ఉంటారు. పోయిన చలికాలం ఆర్వీ (మీలాంటి క్యాంపర్ బండే) అద్దెకి తీసుకుని నన్ను క్వార్ట్‌జ్‌సైట్ తీసుకెళ్ళారు. ఎడారి మధ్య చిన్న ఊరు. చలికాలం వస్తే చుట్టూ కనుచూపు మేర బళ్ళే. చాలామంది ఇళ్ళు అమ్మేసుకుని వచ్చిన నా వయసువాళ్ళు. ఆ ఊరి శ్మశానంలో పిరమిడ్ ఆకారంలో ఒక సమాధి, పైన ఒంటె బొమ్మ! 1850ల్లో అమెరికా సైన్యం ఎడారి కోసం ఒంటెలు తెప్పించినప్పుడు వాటిని తోలడానికి వచ్చిన హాజీ అలీ అనే ఆయనదట. అక్కడివాళ్ళకి ఆ పేరు పలకడం రాక 'హై జాలీ' అన్నారు. ఎక్కడో పుట్టి ఆ ఇసుకలో కలిసిపోయిన మనిషి. నాకు కళ్ళు చెమర్చాయి.

అసలు విషయానికొస్తాను. అక్కడి ప్రభుత్వ భూముల్లో ఎవరైనా బండి ఆపుకోవచ్చు, కానీ మామూలుగా ఒకచోట 14 రోజులే. సీజనంతా ఉండాలంటే వేరే స్థలాలున్నాయి, పర్మిట్ కొనాలి. రాయిగా మారిన కర్ర దొరికితే రోజుకి 25 పౌండ్లు, అంటే 11 కిలోలు దాటి ఏరకూడదు. అదే రాష్ట్రంలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో అయితే ముక్క కూడా ముట్టకూడదు. అయినా పట్టుకెళ్ళినవాళ్ళు కొందరు మనసొప్పక, క్షమాపణ ఉత్తరంతో రాళ్ళు తిరిగి పంపిస్తారట. ఏ రాయి ఏ చోటిదో తెలియదు కాబట్టి మళ్ళీ యథాస్థానంలో పెట్టే వీల్లేదు. ఓ పక్కన కుప్ప పోశారు. అందుకే బాబూ, లొకేషన్ ఇస్తే ఇవ్వండి గానీ, ఎన్నాళ్ళుండాలో ఏది ముట్టకూడదో దాంతో కలిపి ఇవ్వండి.

పాడేరు మాస్టారు:
చెప్పాలా దాచాలా అని మీరు మీరే తేల్చుకుంటున్నారు. ఆ గెడ్డ మీకు 'దొరికింది' అన్నారు సార్. దానికో పేరుంది, దాని దిగువన ఊరుంది. మా కొండ ఊళ్ళలో చాలాచోట్ల తాగే నీరు గెడ్డదో, పక్కన తీసిన చెలమదో. పైన సబ్బు నీళ్ళు ఒలికితే కింద పిల్లలు తాగుతారు. మరొకటి కూడా చెప్పాలి. పొద్దున్నే ఆడవాళ్ళు స్నానాలకీ బట్టలు ఉతుక్కోవడానికీ వచ్చేది గెడ్డకే. మీ బండి మూడు రోజులు అక్కడుంటే ఆ మూడు రోజులూ వాళ్ళెక్కడికి వెళ్ళారు? ఊళ్ళో ఒక్కరినైనా అడిగారా?

ఎంవీపీ కాలనీ వాసి:
మాస్టారూ, ఈ కోణం నాకు తట్టలేదు. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఊరు ఒప్పుకుని, పార్కింగుకి రుసుము పెట్టుకుంటే ఆ డబ్బు ఊరికే వెళ్తుంది కదా?

పాడేరు మాస్టారు:
వెళ్ళొచ్చు. వద్దనొచ్చు కూడా. ఆ మాట ఊరు అనాలి.

భీమిలి బండి:
నిన్న రాత్రంతా ఇదే ఆలోచన. మూడో రోజు పొద్దున్న ఇద్దరు ఆడవాళ్ళు బట్టల మూటలతో వచ్చి, బండిని చూసి ఆగిపోయారు. మా ఆవిడ చెయ్యూపితే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. సిగ్గుపడ్డారనుకున్నాం. గిన్నెలు కడిగిన నీళ్ళ ట్యాంకు కూడా వచ్చే ముందు ఆ గట్టు మీదే ఖాళీ చేశాను. నేలలో ఇంకిపోతుంది కదా అనుకున్నాను. లొకేషన్ దాచి ఆ గెడ్డని కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను.

ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం, బండిలో కాదు, బస్సులో. గెడ్డ దగ్గరికి కాదు, ఊళ్ళోకి. మాస్టారూ, వెళ్ళగానే ముందు ఎవరితో మాట్లాడితే మర్యాదగా ఉంటుందో చెప్పండి.