హైదరాబాద్ నుంచి లేహ్: 8 బండ్లు, ఎండ, వాన, మంచు. మా ప్లాన్‌లో తప్పులుంటే చెప్పండి

ప్రశ్న

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ మొదటి వారంలో 8 బండ్ల మీద లేహ్ బయల్దేరుతున్నాం. అన్నీ రాయల్ ఎన్‌ఫీల్డ్‌లే: ఆరు క్లాసిక్ 350లు (రెండు పాత కార్బ్యురేటర్ మోడల్), రెండు హిమాలయన్లు. నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ మీదుగా అయిదో రోజుకు మనాలీ, ఆ మర్నాడు సర్చులో నైట్ హాల్ట్, ఏడో రోజు లేహ్. తిరిగి రావడం శ్రీనగర్ మీదుగా. అడగాల్సినవి మూడు: రెయిన్ కోటు పైన వేసుకోవాలా, జాకెట్ లోపలి లైనర్ చాలా? పెట్రోల్ ఎంత మోసుకెళ్లాలి? అందరూ ఒకే స్పీడులో నడపరు, గ్రూప్ విడిపోకుండా ఎలా?

జవాబు 1, వరంగల్ నుంచి

మీరు అడగని దాంతో మొదలుపెడతాను. రూట్ తిరగేయండి. శ్రీనగర్ మీదుగా ఎక్కి, మనాలీ మీదుగా దిగండి.

మనాలీ దాదాపు 2,050 మీటర్లు, సర్చు సుమారు 4,290. ఒక్క రోజులో అంత ఎత్తుకెళ్లి అక్కడే పడుకుంటే ఎనిమిది మందిలో ఒకరికైనా తలనొప్పి, వాంతులు పట్టుకునే అవకాశం చాలా ఎక్కువ. సర్చుతో చిక్కేమిటంటే అది కనుమల మధ్య ఉంది. ఒంట్లో బాగాలేని మనిషిని కిందికి దించాలన్నా ముందు పైకి ఎక్కించాలి. వెనక్కి వస్తే బారాలాచా లా (లా అంటే కనుమ), దాదాపు 4,850 మీటర్లు. ముందుకు వెళ్తే నకీ లా, లాచులుంగ్ లా, ఆపైన 5,328 మీటర్ల తాంగ్లాంగ్ లా.

అదే శ్రీనగర్ వైపు నుంచయితే ఎత్తు మెల్లగా వస్తుంది. శ్రీనగర్ సుమారు 1,585, జోజి లా 3,528, రాత్రికి మళ్లీ 2,676 మీటర్ల కార్గిల్‌కు దిగుతారు. మర్నాడు 4,108 మీటర్ల ఫోటు లా దాటి 3,500 మీటర్ల లేహ్. అక్కడ రెండు రాత్రులు కదలకుండా ఉండండి. ఎత్తు పడకపోతే వేసుకునే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ జాగ్రత్త. నడకలో తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా పొద్దున చూద్దాం అనకుండా ఆ రాత్రే కిందికి దించాలి.

వాన లెక్క కూడా ఇలాగే కుదురుతుంది. వాయవ్య భారతం నుంచి రుతుపవనాలు వెనక్కి మళ్లడం మామూలుగా సెప్టెంబర్ 17 ప్రాంతంలో మొదలవుతుంది. మీరు మొదటి వారంలో మనాలీ దారి పడితే మండీ–కుల్లూ మధ్య పండోహ్ దగ్గర కొండచరియల భయం. మూడో వారంలో తిరుగు ప్రయాణంలో వస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. జమ్మూ వైపు రాంబన్ దగ్గర కూడా చరియలు పడతాయి, అందుకే చేతిలో ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి.

జవాబు 2, విజయవాడ నుంచి

రెయిన్ కోటు పైనే వేసుకోండి. లోపలి లైనర్ ఒంటిని తడవనివ్వదు గానీ జాకెట్ పైగుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఆ తడి మీద 80 స్పీడులో గాలి కొడితే నాగ్‌పూర్ దాటాక వచ్చే సియోనీ అడవుల్లోనే వణుకు పుడుతుంది. వానలో కోటు చెయ్యి గ్లవ్ మీదికి రావాలి. గ్లవ్ పైన ఉంటే చేతి మీద పడ్డ నీళ్లన్నీ గ్లవ్‌లోకే కారతాయి. ప్యాంటు కూడా అంతే, బూటు బయటికి ఉండాలి. ఒక జత పొడి సాక్సులు, గ్లవ్స్ పాలిథీన్ కవర్లో కట్టి విడిగా పెట్టుకోండి.

చైన్ సంగతి చాలామంది మరిచిపోతారు. వానలో నడిపిన రోజు లూబ్ కొట్టుకుపోతుంది. సాయంత్రం బండి ఆపగానే, చైన్ ఇంకా వేడిగా ఉండగానే తుడిచి లూబ్ కొట్టండి. పొద్దున కొడితే లోపలికి దిగే టైముండదు. లూజు ఒక్కచోటే చూడొద్దు, చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడండి. ఒకచోట బిగుసుగా, ఇంకోచోట వదులుగా ఉంటే ఆ చైన్ సెట్ అరిగిపోయినట్టే. హైదరాబాద్‌లోనే మార్పించండి.

కొత్త క్లచ్ కేబుల్ బ్యాగులో పెట్టుకోవద్దు. బండి మీదున్న కేబుల్ పక్కనే పరిచి, రెండు చివర్లకూ టేపు చుట్టి జిప్ టైలతో కట్టించండి. తెగినప్పుడు ట్యాంక్ విప్పే పని లేకుండా రెండు కొసలు మార్చుకుంటే చాలు.

పాత కార్బ్యురేటర్ బండ్లు 4,000 మీటర్లు దాటాక నల్ల పొగ వదులుతాయి. గాలి పలచబడినా పెట్రోల్ అంతే పడుతుంది కాబట్టి ప్లగ్ మసిబారుతుంది. రెండేసి స్పేర్ ప్లగ్‌లు, స్పానర్ ఉంచుకోండి. ఎక్కుడులో హాఫ్ క్లచ్ మీద నడపొద్దు. కాలిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి.

ప్రశ్న అడిగినవారు

రూట్ మారుస్తున్నాం, చాలా థ్యాంక్స్ అన్నా. మరి పెట్రోల్?

జవాబు 3, కరీంనగర్ నుంచి

మనాలీ వైపు దిగేటప్పుడు లేహ్ దాటాక ఖారు అనే ఊళ్లో ఫుల్ ట్యాంక్ కొట్టించండి. అక్కడి నుంచి తాండి బంకు దాదాపు 330 కి.మీ. మధ్యలో దొరుకుతుందని లెక్క వేయొద్దు. 13 లీటర్ల క్లాసిక్ ఆ ఎత్తులో, లగేజీతో లీటరుకు 28 ఇచ్చినా 364 కి.మీ. అంటే మిగిలేది లీటరున్నర కూడా కాదు. ఒక్కో క్లాసిక్‌కు 3 లీటర్లు మోయండి. క్యాన్‌ను అంచు దాకా నింపొద్దు, పైకి వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి ఉబ్బుతుంది. మూత మెల్లగా తిప్పి తీయండి.

గ్రూప్: ఎనిమిదిని నాలుగు నాలుగుగా చేయండి. లీడ్ (ముందు నడిచే బండి) వెనకే రెండో బండి నెమ్మదిగా నడిపేవాళ్లది, అతని స్పీడే గ్రూప్ స్పీడు. అందరికన్నా చివర వచ్చే బండి, అంటే స్వీప్ దగ్గర టూల్ కిట్, పంక్చర్ కిట్, పంపు. రోడ్డు చీలే ప్రతిచోటా ఎవరికి వారు వెనక వచ్చే బండి హెడ్‌లైటు కనపడేదాకా ఆగి కదలాలి. ఫోన్ల మీద ఆధారపడొద్దు, లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. కనీసం మూడు పోస్ట్‌పెయిడ్ సిమ్‌లు ఉండాలి, వేర్వేరు కంపెనీలవైతే మేలు.

ఇక నాలాలు. అక్కడ నాలా అంటే మన మురుగు కాలువ కాదు, మంచు కరిగి రోడ్డు మీదుగా పారే వాగు. ఎండెక్కేకొద్దీ నీళ్లు పెరుగుతాయి. పొద్దున పాదం మునిగే చోటే మధ్యాహ్నానికి మోకాలు మునగొచ్చు. లేహ్‌లో తెల్లారుజామున బయల్దేరి సర్చులో పడుకుని (అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది), మర్నాడు వెలుగు రాగానే బారాలాచా ఎక్కి జింగ్ జింగ్ బార్ వైపు వాగులు 10 లోపు దాటేయండి. ఒక్కో బండే దిగాలి, ముందుది ఒడ్డెక్కాకే రెండోది. ఫస్ట్ గేర్, క్లచ్ పూర్తిగా వదిలేసి, యాక్సిలరేటర్ ఒకే తీరున. చూపు అవతలి ఒడ్డు మీద ఉండాలి, చక్రం ముందున్న రాయి మీద కాదు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. తోసుకుంటూ బయటికి తెచ్చి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో విప్పి చూశాకే స్టార్ట్ చేయండి.