ధైర్యం చెప్పే జపనీస్ పాటలు: అర్థం తెలుసుకుంటూ వినదగినవి ఏవి?

ప్రశ్న – వేకువచుక్క

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, మూడేళ్ళుగా సాయంత్రాలు జపనీస్ నేర్చుకుంటున్నాను. జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలోని అయిదు స్థాయిల్లో నడిమిదైన ఎన్3ను మొన్న డిసెంబరులో రాస్తే, 180కి 95 రావలసి ఉండగా 91 దగ్గర ఆగిపోయాను. ఆ నాలుగు మార్కుల దెబ్బకు పుస్తకం ముట్టబుద్ధి కావడం లేదు. కనీసం చెవినైనా భాషకు దూరం చేయకూడదని పాటలు వెతుకుతున్నాను. యానిమే (జపాన్ యానిమేషన్ చిత్రాల) పాటల్లో సగం నాకు అందనంత వేగంగా సాగుతాయి, మిగిలినవాటిలో విరహమే ఎక్కువ. మాట స్పష్టంగా వినిపించాలి, డీలా పడిన మనిషిని లేపి కూర్చోబెట్టాలి. అలాగని ఊరికే ‘సాధిస్తావు, గెలుస్తావు’ అని అరిచే రకం కాకూడదు. పదిసార్లు విన్నాక కూడా ఇంకా ఏదో మిగిలి ఉందనిపించే పాటలు తెలిసినవారు చెప్పగలరా? ఎంత పాతవైనా పరవాలేదు.

సమాధానం – కృష్ణాతీరం

పాతవైనా పరవాలేదన్నారు కనుక 1961కి వెళదాం. సకమోతో క్యూ పాడిన ‘ఉఎ ఒ ముయితె అరుకో’తో మొదలుపెట్టండి. మాటలు ఎయి రొకుసుకెవి, బాణీ నకమురా హచిదాయిది. పూర్తిగా జపనీస్‌లోనే ఉన్న ఈ పాట 1963లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మూడు వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. అసలు పేరు అక్కడివారికి నోరు తిరగదని విదేశాల్లో దీనికి ‘సుకియాకి’ అని పేరు తగిలించారు. సుకియాకి అంటే పలచగా కోసిన గొడ్డుమాంసంతో వండే వంటకం; పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. మన జోలపాటను పట్టుకెళ్ళి గుత్తివంకాయ పేరుతో అమ్మినట్టు!

మీరు చేయవలసిందల్లా, మొదటి పాదాన్ని ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా తెలుగులోకి తెచ్చుకోవడం. ‘అరుకో’ అంటే నడుద్దాం. ఇంగ్లీషులో వేరే మాట అరువు తెచ్చుకోవలసిన చోట జపనీస్‌కూ మనకూ క్రియ చివర ఒక్క ప్రత్యయం సరిపోతుంది. పైకి చూస్తూ నడుద్దాం అంటున్నాడు. ఎందుకంటే, కన్నీళ్ళు ఒలకకుండా. ఇక్కడ వాడిన ‘కొబొరెరు’ అనే క్రియ కన్నీళ్ళకే పరిమితమైనది కాదు. నిండుగా పోసిన కప్పులోంచి టీ ఒలికినా అదే మాట. తల వంచితే ఒలికిపోతాయి గనుక, నిండుబిందెను మోసినంత జాగ్రత్తగా తన ముఖాన్ని తానే మోసుకుంటూ నడుస్తున్నాడు. ఏడుపు ఆగిపోయిందని పాట ఎక్కడా అనదు. మధ్యలో ఒకచోట మాటలు ఆగిపోయి ఈల మాత్రమే వినిపిస్తుంది. నాకు ఆ ఈలే అన్నిటికంటే దిగులుగా ఉంటుంది.

చాలామంది దీన్ని ప్రేమ విఫలమైన పాట అనుకుంటారు. కానీ 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా లక్షల మంది వీధుల్లోకి వచ్చిన ఉద్యమం ఫలించకపోయినప్పటి నిస్పృహలోంచి ఎయి ఈ మాటలు రాశాడు. సకమోతో 1985 ఆగస్టు 12న జరిగిన విమాన ప్రమాదంలో 43 ఏళ్ళకే మరణించాడు. అది తెలిశాక పైకి చూడమనే ఆ గొంతును మామూలుగా వినలేము.

సమాధానం – అక్షరవనం

కృష్ణాతీరం గారు చెప్పిన పాట తప్పక వినవలసిందే. నేను పన్నెండేళ్ళుగా జపనీస్ బోధిస్తున్నాను. ఎన్3 స్థాయి వారికి నేను మొదట వినిపించేది మాత్రం ఆంజెలా అకి రాసి, బాణీ కట్టి, పియానో వాయిస్తూ పాడిన ‘తెగమి’. తెగమి అంటే ఉత్తరం. 2008లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె వారి పాఠశాలల సంగీత పోటీలో మాధ్యమిక పాఠశాల బృందాలన్నీ పాడవలసిన పాటగా దీన్ని నిర్ణయించారు. తన పదిహేడో ఏట భవిష్యత్తులోని తనకే ఆమె ఒక ఉత్తరం రాసుకున్నదట. ముప్పయ్యో పుట్టినరోజుకు వాళ్ళమ్మ ఆ ఉత్తరాన్ని ఆమె చేతికి చేర్చింది. పాట పుట్టింది అక్కడే.

మొదటి భాగంలో పదిహేనేళ్ళ పిల్లవాడు పెద్దయిన తనకు రాస్తాడు. రెండో భాగంలో ఆ పెద్దవాడు జవాబిస్తాడు. పల్లవి బాణీ రెండు చోట్లా ఒకటే, మాటలు కూడా దాదాపు అవే, కానీ పిల్లవాడు ‘మకెసోదె, నకిసోదె’ అంటాడు, అంటే ఓడిపోయేలా ఉన్నాను, ఏడ్చేసేలా ఉన్నాను అని. పెద్దవాడి నోట అవే క్రియలు ‘మకెనైదె, నకనైదె’ అయిపోతాయి: ఓడిపోకు, ఏడవకు. ఎవరి మాట నమ్మి నడవాలి అని పిల్లవాడు అడిగిన చోట, నీ గొంతునే నమ్మి నడువు అని జవాబు వస్తుంది. ‘దరె నొ కొతొబా’ పోయి ‘జిబున్ నొ కొయె’ వచ్చింది, అంతే. వాక్యం చివరి ‘నొ’ కూడా మారదు. మామూలు సంభాషణలోనైతే స్వరం లేస్తే అది ప్రశ్న, దిగితే అది జవాబు.

మీరు కుస్తీ పడుతున్న వ్యాకరణంలోని ‘సో’, ‘నైదె’ రూపాలే ఇవి. నా విద్యార్థుల్లో ఒకమ్మాయి పట్టికలు బట్టీ పట్టి మూడుసార్లు మరిచిపోయినదాన్ని, ఈ పల్లవి విన్న రోజునుంచి మళ్ళీ మరిచిపోలేదు. పెద్దవాడు కష్టాలు తీరిపోయాయని అబద్ధం చెప్పకపోవడం కూడా నాకు నచ్చుతుంది. పెద్దయ్యాక కూడా నిద్రపట్టని రాత్రులు ఉంటాయని ఒప్పుకొనే మాట్లాడతాడు.

సమాధానం – ముక్కుసూటి

అందరూ ఇక జార్డ్ బృందం 1993లో విడుదల చేసిన ‘మకెనైదె’ను సూచించబోతారని తెలిసి ముందే చెబుతున్నాను. సకాయి ఇజుమి రాసి పాడిన ఆ పాట బాగుంటుంది, మాట కూడా స్పష్టం. ఏటా వేసవిలో టీవీలో వచ్చే ఇరవైనాలుగు గంటల విరాళాల కార్యక్రమంలో, మారథాన్ పరుగు చివరి ఘట్టంలో దాన్ని అందరూ కలిసి పాడడం ఆనవాయితీ అయింది. కానీ ‘ఇంకొంచెం, చివరిదాకా పరుగెత్తు’ అనే మాట పరుగెత్తగలిగే వారికే పనికొస్తుంది. 2011 మార్చి 11 భూకంపం, సునామీ తరువాత ‘గంబరె’ (గట్టిగా ప్రయత్నించు) అనే మాట మీద జపాన్‌లోనే అభ్యంతరాలు వచ్చాయి. ఇల్లూ మనుషులూ పోయి, ఉన్న ఓపికంతా ఖర్చు పెట్టేసిన వారితో ఇంకా గట్టిగా ప్రయత్నించు అంటే ఎలా?

ఆ విపత్తు బాధితుల కోసం 2012లో వచ్చిన ‘హన వ సకు’ వినండి. రాసిన ఇవాయి షుంజి, బాణీ కట్టిన కన్నో యోకో ఇద్దరూ నష్టపోయిన మియాగి ప్రాంతంలో పుట్టినవారే. అందులో మాట్లాడుతున్నది బతికి ఉన్నవారని మొదట అనిపిస్తుంది. మరోసారి వింటే, వెళ్ళిపోయినవారు ఇంకా పుట్టని వారి కోసం పూలు పూస్తాయని చెబుతున్నట్టు తెలుస్తుంది.

పౌరుషమే కావాలంటే నకజిమా మియుకి 1983లో పాడిన ‘ఫైట్!’ ఉంది. చదువు మాధ్యమిక పాఠశాలతోనే ఆగిపోవడం వల్ల పని దొరకడం లేదని రాసిన ఒక అమ్మాయి ఉత్తరంతో మొదలవుతుంది. ఆ అక్షరాలు మొనదేలి ఉంటూనే వణుకుతున్నాయట. పోరాడే నీ పాట విని పోరాడనివారు నవ్వుతారని పల్లవి. యాస కొంత ఉంది గనుక మీకు మొదట కొరుకుడు పడదు.

వేకువచుక్క

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ మూడు రోజుల్లో ‘తెగమి’ దాదాపు ముప్పైసార్లు విన్నాను. మాటలు చూడకుండా కాగితం మీద రాసుకుంటే, ‘సోదె’ను మొదటి రెండుసార్లు ‘నైదె’ అనే రాశాను. అంటే ప్రశ్న వినకుండానే జవాబు రాసేశానన్నమాట. ‘ఫైట్!’ నిజంగానే కొరుకుడు పడలేదు, కానీ వణికే అక్షరాల చోటు మాత్రం పట్టుకోగలిగాను. ఒక చిన్న సందేహం: పాడుతూ సాధన చేయాలంటే కంజీ (చైనా నుంచి వచ్చిన భావలిపి) చదవడం దగ్గర ఆగిపోతున్నాను, దీనికి ఉపాయమేమైనా ఉందా?

కృష్ణాతీరం

కరోకే తెరను వాడుకోండి. అక్కడ కంజీ అక్షరాల నెత్తిన వాటి ఉచ్చారణ చిన్న హిరగనాలో (జపనీస్ ధ్వనిలిపిలో) ఉంటుంది, పాడవలసిన చోటికి వచ్చేసరికి అక్షరం రంగు మారుతుంది. పైగా జపనీస్ పాట మన ఛందస్సులాగే మాత్రల లెక్కతో నడుస్తుంది. ‘మకెనైదె’ను మ-కె-న-ఇ-దె అని అయిదు మాత్రలుగా విడదీసి తొడమీద తాళం వేసి చూడండి, ‘నై’ దగ్గర మీరు ఎక్కడ తొందరపడుతున్నారో వెంటనే తెలిసిపోతుంది. సకమోతో పాట మాత్రం ఈ సాధనకు వద్దు, ఆయన అక్షరాలను తనకిష్టం వచ్చినట్టు సాగదీశాడు.