బ్లాక్ కేవియార్: గెలుస్తుందని ముందే తెలిసిన రేసులో జనం ఏం చూశారు?

సత్యనారాయణపురం_శీను (విజయవాడ)

మా బాబాయ్ మెల్‌బోర్న్‌లో కొన్నేళ్లు టాక్సీ నడిపి 2013 చివర్లో బెజవాడ వచ్చేశాడు. ఇప్పుడు వన్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. గల్లాపెట్టె వెనక గోడకి దుర్గమ్మ పటం, దాని పక్కన ఫ్రేము కట్టించిన గుర్రం ఫొటో. ముదురు గోధుమరంగు గుర్రం. దాని మీద కూర్చున్న జాకీ చొక్కా చూస్తే నవ్వొస్తుంది, నారింజకీ గులాబీకీ మధ్య ఏదో లేత రంగు, దాని నిండా నల్ల చుక్కలు.

కొత్తగా వచ్చిన ప్రతి కస్టమరూ అడుగుతాడు. బాబాయ్ ఒకటే చెప్తాడు: "బ్లాక్ కేవియార్. 25 పరుగులు, 25 గెలుపులు." అంతే, మళ్లీ వైర్ల లెక్కలో పడతాడు.

నేను యూట్యూబ్‌లో కొన్ని రేసులు చూశాను. నిజం చెప్పాలంటే బోర్ కొట్టింది. అది ముందుకొచ్చేస్తుంది, మిగతావి వెనకపడతాయి, అయిపోతుంది. ఇండియా మ్యాచ్ వన్‌సైడ్ అయితే టీవీ కట్టేసే మనిషి మా బాబాయ్. పేకాట కూడా ఆడడు. అలాంటాయన ఈ గుర్రం దగ్గర ఎందుకింత మెత్తబడిపోతాడో నాకర్థం కాదు. ఆ రోజుల్లో అక్కడున్నవాళ్లు మన విజయవాడ, గుంటూరు వైపు చాలామందే ఉంటారు కదా, కాస్త చెప్పండి. బెట్టింగ్ లెక్కలు మాత్రం వద్దు.

కృష్ణలంక_కబుర్లు

రేసు గుర్రం పేరెత్తితే మా అమ్మమ్మ కంచం ముందు నుంచి లేచిపోయేది. తాతయ్య మలక్‌పేట రేసుల పిచ్చిలో ఉయ్యూరు దగ్గర చెరుకు పొలం పోగొట్టాడు. ఆ ఫొటో మా ఇంట్లో గోడెక్కే ఛాన్స్ అయితే లేదు. అయినా ఎవరేం చెప్తారో చూద్దామని ఇక్కడే కూర్చున్నా.

బ్రాడీపేట_నాలుగోలైను (గుంటూరు)

శీను గారూ, మీ బాబాయ్‌గారి టాక్సీ నేనూ ఎక్కే ఉంటాను. 2010 నుంచి 2013 వరకు అక్కడే ఉన్నా, మోనాష్ యూనివర్సిటీ కాల్‌ఫీల్డ్ క్యాంపస్‌లో మాస్టర్స్. అక్కడికి వెళ్లినవాళ్లకి తెలుసు, కాల్‌ఫీల్డ్ స్టేషన్‌కి ఒక పక్క కాలేజీ, ఇంకో పక్క రేస్‌కోర్సు. ఈ గుర్రం ట్రైనర్ పీటర్ మూడీ మకాం కూడా అప్పట్లో కాల్‌ఫీల్డ్‌లోనే. తెల్లవారుజామున ఆఫీసులు క్లీన్ చేసే పనికి పోతుంటే, చీకట్లో ట్రాకు మీద గుర్రాలు ప్రాక్టీసు చేసే చప్పుడు వినిపించేది. వాటిలో అదీ ఉండే ఉంటుంది. ఆ చలిలో, ఆ నిద్రలో, ఏ గుర్రమైతే నాకేం?

తర్వాత పేపర్లో, ట్రాముల్లో, క్లాసులో అందరి నోటా అదే పేరు వినీ వినీ ఆసక్తి పుట్టింది. 2008లో మూడీ వేలంలో 2,10,000 డాలర్లకు కొన్నాడు. 2009 ఏప్రిల్‌లో మొదటి రేసు. అప్పటినుంచి ఓటమి లేదు. ఆడగుర్రం, మంచి దిట్టమైన శరీరం. అక్కడి జనం ముద్దుగా నెల్లీ అనేవాళ్లు.

ఇక మీ ప్రశ్న. అక్కడ అందరి కళ్లూ జాకీ చేతుల మీదే ఉండేవండీ. గుర్రం దగ్గర ఇంకా వేగం కావాలంటే జాకీ చేతులు ముందుకి తోస్తూ అదిలిస్తాడు, కొరడా తీస్తాడు. చివరి మలుపు తిరిగేసరికి పక్క గుర్రాల జాకీలందరూ ఆ పనిలోనే ఉంటారు. ఈయన, ల్యూక్ నోలెన్, మొత్తం 25లో 22 రేసులు దీని మీద స్వారీ చేసిన మనిషి, పగ్గాలు పట్టుకుని అలాగే కూర్చునేవాడు. గుర్రం తనంతట తాను సాగిపోతుండేది. స్టాండులో ముసలమ్మల దగ్గర్నుంచి "ఇంకా అడగలేదు, ఇంకా అడగలేదు" అని ఒకటే గొణుగుడు. అడిగితే అసలెంత వేగం వస్తుందో ఎవరికీ తెలియదు. దాన్ని తెలుసుకుందామనే జనం వచ్చేది. మీరు యూట్యూబ్‌లో గుర్రాల మధ్య దూరం చూశారు, అందుకే బోర్ కొట్టింది.

నేను మొదటిసారి కళ్లారా చూసింది 2012 ఫిబ్రవరి 11న, కాల్‌ఫీల్డ్‌లోనే, సీఎఫ్ ఓర్ స్టేక్స్ అనే రేసులో. దూరం 1400 మీటర్లు. అప్పటిదాకా అది 1200 దాటి పరిగెత్తింది లేదు, కాబట్టి ఆ రోజు కాస్త టెన్షన్ ఉంది. మా రూమ్మేటు తెనాలి కుర్రాడు, పిసినారి. ఒక డాలర్ పెట్టి టికెట్ కొన్నాడు. గెలిస్తే డాలర్ మీద వచ్చేది కొన్ని సెంట్లు. (బెట్టింగ్ వద్దన్నారు, క్షమించండి, ఇది బెట్టింగ్ కిందికి రాదు.) ఎందుకురా అంటే, ఇక్కడ ఈ టికెట్ ఎవరూ మార్చుకోరు, దాచుకుంటారు అన్నాడు. నిజమే, మా ముందు వరసలో ఒకావిడ పర్సులో అలాంటివి కట్ట ఉంది. మీరు నవ్వొచ్చిందన్న ఆ చుక్కల రంగులోనే జనం టోపీలు, టైలు, జెండాలు, చిన్నపిల్లల గౌన్లు.

రేసు నిమిషంన్నర కూడా లేదు. మలుపు తిరిగాక నోలెన్ భుజం మీంచి వెనక్కి చూసుకున్నట్టు అనిపించింది. చేతులు కదల్లేదు. తేలిగ్గా గెలిచేసింది. తెనాలివాడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్లు దిగాయి.

అసలు కథ ఆ జూన్‌లో. గుర్రాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్లారు, రాయల్ ఆస్కాట్ అనే పెద్ద రేసుల పండగలో డైమండ్ జూబిలీ స్టేక్స్ రేసు కోసం. అంత దూరం విమానంలో కండరాలు పట్టేయకుండా ఒళ్లంతా బిగుతైన సూటు తొడిగారు, ఆ ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది. మెల్‌బోర్న్‌లో టైము అర్ధరాత్రి దాటి ముప్పావు గంట. ఫెడరేషన్ స్క్వేర్‌లో పెద్ద తెర పెట్టారు. చలికాలం. వేలమంది వచ్చారు, పక్కలోంచి లేచొచ్చినట్టు దుప్పట్లు కప్పుకున్నవాళ్లు కూడా. మేం నలుగురం తెలుగువాళ్లం ఒక మూల నిలబడ్డాం.

చివర్లో ముందుకొచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాం. నోలెన్ కూడా అదే అనుకున్నాడు, గీత ఇంకా రాకముందే అదిలించడం ఆపేశాడు. గుర్రం ఒక్కసారిగా నెమ్మదించింది. పక్కనుంచి మూన్‌లైట్ క్లౌడ్ అనే ఫ్రెంచి గుర్రం దూసుకొచ్చింది. రెండూ కలిసి గీత దాటాయి. తెర మీద ఫొటో ఫినిష్ అని పడింది, అంటే ఎవరు గెలిచారో ఫొటో చూసి తేల్చాలి.

అంతమందిలో ఒక్క గొంతు లేవలేదు. ఫలితం వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చెప్పలేను, నాకైతే వీసా ఇంటర్వ్యూ అంత అనిపించింది. తల వాసిలో గెలిచింది. అప్పుడు చూడాలి! ముక్కూ మొహం తెలియని ఒక తాత నన్ను పట్టుకుని ఊపేశాడు. నోలెన్ తర్వాత తప్పు తనదేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఎలిజబెత్ రాణి వచ్చి గుర్రం ముక్కు నిమిరింది. మాకు రైళ్లు లేవు, నైట్‌రైడర్ బస్సులో ఇంటికొచ్చాం, బస్సులో అదే గోల.

నోలెన్‌ని వారం రోజులు అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. ఆ గెలుపుకు ముందు 21 సార్లు అది గెలవడం నాకు గొప్పగానే అనిపించింది, ఇష్టం అనే మాట మాత్రం ఆ రాత్రి నుంచే.

సత్యనారాయణపురం_శీను

మీరు చెప్పాక ఆస్కాట్ వీడియో మళ్లీ చూశా. జాకీ ఆపేశాడు సరే, గుర్రం మరీ అంతగా తగ్గిపోవడం ఏంటి? అలసిపోయిందా? ఇప్పుడది ఎక్కడుంది?

గన్నవరం_వెట్

నేను గన్నవరం పశువైద్య కళాశాలలో చదివాను. గుర్రాల స్పెషలిస్టుని కాదు, నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా గేదెలు. అయినా ఈ కేసు ఆసక్తిగా చదివాను కాబట్టి చెప్తున్నా.

అలసట ఒక్కటే కాదండి. రేసు తర్వాత పరీక్షల్లో తొడ కండరంలో 8 సెంటీమీటర్ల చీలిక, నడుముకీ కటికీ కలిసే చోట 2.5 సెంటీమీటర్ల చీలిక బయటపడ్డాయి. వెనక కాళ్ల తోపులోనే గుర్రం వేగమంతా ఉంటుంది. ఆ కండరం చిరిగాక కూడా అది తల ముందు పెట్టి గీత దాటింది. అలాంటి దెబ్బ తగిలిన గుర్రాన్ని చాలామంది ఇక పరిగెత్తించరు. ఇది కోలుకుని 2013లో మళ్లీ మూడు రేసులు గెలిచింది.

ఇప్పుడు లేదు. 2024 ఆగస్టు 17న, 18 ఏళ్లు నిండడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు పోయింది. పిల్లని ఈనిన కొద్దిసేపటికే. కారణం లామినైటిస్. గిట్ట పెంకునీ లోపలి ఎముకనీ కలిపి పట్టుకునే పొరలు వాస్తాయి. ముదిరితే పట్టు వదిలి, ఒంటి బరువుకి ఎముక కిందికి తిరిగిపోతుంది. ఈనిన గుర్రాల్లో ఇన్ఫెక్షన్ వల్ల ఈ ప్రమాదం ఎక్కువ. దాణా శ్రుతి మించితే పాడి పశువుల్లోనూ గిట్టల జబ్బు చూస్తాం, కానీ గేదె పడుకుని నెమరేస్తూ రోజులు నెట్టుకొస్తుంది. గుర్రం రోజులో ఎక్కువ భాగం నిలబడే బతికే జీవి. 500 కిలోలు దాటిన ఒళ్లు ఆ నాలుగు గిట్టల మీదే మొయ్యాలి. నొప్పి భరించలేని స్థితికి వస్తే డాక్టర్ చెయ్యగలిగేది ఒక్కటే మిగులుతుంది, ఇక్కడా అదే చేశారు.

కృష్ణలంక_కబుర్లు

ఇంత గొప్ప గుర్రాన్ని ఆ వయసులో ఈనించడం దేనికి? డబ్బు. మా తాతయ్యకైతే పొలమే పోయింది.

గన్నవరం_వెట్

కాదనను. ఆ వయసులో ఈనడం మాత్రం గుర్రాల్లో అరుదేమీ కాదు.

పల్నాటి_గిత్త (నరసరావుపేట)

బ్రాడీపేట అన్నా, "ఇంకా అడగలేదు" అన్నారు చూడండి, దానికి మా దగ్గర వేరే లెక్క ఉంది. బండలాగుడు పోటీల్లో పేరున్న జత దిగితే మొదటి బహుమతి ఎవరిదో మైకు పట్టుకున్నవాడికీ తెలుసు, బండ కట్టేవాడికీ తెలుసు. మిగతా రైతులు రెండో బహుమతి కోసం పేరు రాయించుకుంటారు. అయినా ఆ జత వంతు రాత్రి పదకొండింటికి వస్తుందంటే పిల్లల్ని ఒళ్లో నిద్రపుచ్చుకుని కూర్చుంటారు. ఎన్ని అడుగులు లాగిందన్నది రాసుకునేవాళ్లు రాసుకుంటారు. మా నాన్న చూసేది చర్నాకోల ఒంటికి తగిలిందా, గాల్లో ఆడిందా అని. గాల్లో ఆడించినందుకే లాగితే "అదీ గొడ్డంటే" అని లేచి వెళ్లిపోయేవాడు, బహుమతులు ఇచ్చేదాకా ఉండేవాడు కాదు. మా వీధిలో చచ్చిపోయిన గిత్తకి సమాధి కట్టించినాయన ఉన్నాడు. కాబట్టి శీను గారి బాబాయ్‌లో నాకేం వింత కనపడలేదు.

రేసుపుస్తకం_88

అందరూ ఎమోషనల్ అయిపోతున్నారు, కాస్త లెక్కలు. 25 గెలుపులూ 1000 నుంచి 1400 మీటర్ల లోపే, అంటే స్ప్రింటర్, తక్కువ దూరాల గుర్రం. అదే 2012 ఆస్కాట్‌లో, అదే వారం, ఫ్రాంకెల్ అనే గుర్రం క్వీన్ ఆన్ స్టేక్స్‌ని 11 లెంగ్తుల (ఒక లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచింది. అదీ అజేయమే, 14కి 14. సెక్రటేరియట్ అనే అమెరికన్ గుర్రం 1973 బెల్మాంట్ రేసులో మైలున్నర దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో, 31 లెంగ్తుల తేడాతో కొట్టింది. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. గ్రేటెస్ట్ అనే ముందు ఇవి కూడా చూడాలి.

బ్రాడీపేట_నాలుగోలైను (గుంటూరు)

గ్రేటెస్ట్ అని నేనెక్కడా అనలేదండీ. ఫ్రాంకెల్ వీడియోలు నా ఫోన్లో కూడా ఉన్నాయి. సెక్రటేరియట్ బెల్మాంట్ రేసు చూస్తే ఇప్పటికీ నోట మాట రాదు. కానీ ఆ రెంటి కోసం నేను అర్ధరాత్రి చలిలో నిలబడలేదు.

లెక్కలే కావాలంటే ఒకటి నేనూ ఇస్తాను. 2013 ఫిబ్రవరి, మెల్‌బోర్న్‌లోని ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్సు, లైట్నింగ్ స్టేక్స్. అప్పటికే ఆ రేసు పేరుకి ముందు బ్లాక్ కేవియార్ అని తగిలించేశారు, తన పేరున్న రేసులో తనే పరిగెత్తింది. ఆస్కాట్ తర్వాత మళ్లీ ట్రాక్ మీదికి రావడం అదే మొదటిసారి. పని అయిపోయిందన్నవాళ్లు చాలామంది. 1000 మీటర్లు 55.42 సెకన్లు. 1988లో స్పెషల్ అనే గుర్రం పెట్టిన 55.50 రికార్డు పోయింది. ఆ రోజు నేను గేటు లోపలే ఉన్నా. టైము బోర్డు మీద పడ్డాక కొద్దిసేపు జనానికి అర్థం కాలేదు, పక్కవాణ్ని అడిగి తెలుసుకుని మరీ అరిచారు.

శీను గారూ, మళ్లీ చూస్తే ఈ వరసలో చూడండి. ముందు 2011 టీజే స్మిత్ స్టేక్స్, సిడ్నీలో. హే లిస్ట్ అనే మగగుర్రం ముందు పరిగెత్తుతుంటుంది, అది మామూలుది కాదు, వేరే కాలంలో పుట్టుంటే దాని ఫొటోలే గోడలెక్కేవి. దాన్ని ఇది ఎలా అందుకుందో చూడండి. తర్వాత ఈ 55.42. ఆస్కాట్ ఆఖర్న పెట్టుకోండి. సౌండ్ తగ్గించి చూడండి, కామెంటేటర్ అరుపుల్లో పడితే నోలెన్ చేతులు మిస్సవుతారు.