కృప ఉచితమైతే బాప్తిస్మానికి మూడు నెలల తరగతులెందుకు?

కృపాతీరం:
అందరికీ వందనాలు. బాప్తిస్మం అడిగినవాళ్లను పది పన్నెండు వారాలు తరగతులకు తిప్పే సంఘాలున్నాయి. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం చూడకుండా అప్పజెప్పాలి. తడబడితే వచ్చే ఈస్టరుకు రమ్మంటారు. ఫిలిప్పీ చెరసాల నాయకుడికి ఆ రాత్రే ఇచ్చారు (అపొస్తలుల కార్యములు, అంటే అపొ. 16:33). రథంలో వెళ్తున్న ఐతియోపీయుడికి ఫిలిప్పు దారిలో నీళ్లు కనబడిన చోటే ఇచ్చాడు. రక్షణ దేవుని వరమని ఎఫెసీ 2:8 చెబుతుంటే, ఆ వరానికి మనం పరీక్ష పెట్టడమేమిటి?

పాతగుడిగంట:
బ్రదర్, 33వ వచనం చెప్పి 32 వదిలేశారు. ముందు ఆ ఇంటివాళ్లందరికీ వాక్యం బోధించారు, తర్వాతే నీళ్లు. ఫిలిప్పు కూడా యెషయా గ్రంథం విప్పి చెప్పాకే రథం దిగాడు. మన ఒంగోలు సంగతే చూడండి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించారు. ఆ కాలంలో సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపారు. ఆగడం కృపకు విరోధమైతే ఆయన చేసిందీ తప్పేనా?

గుండ్లకమ్మ:
అన్నా, ఆ ఉదాహరణ మీ వాదానికి సరిపోదు. ఆయన ఆపింది వాళ్లకు పాఠం రాలేదని కాదు, కూలి ఇచ్చే చెయ్యీ బాప్తిస్మమిచ్చే చెయ్యీ ఒకటే కాబట్టి. కరువు పని అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతమందిని కూర్చోబెట్టి ఎవరు అప్పజెప్పించుకోగలరు? వాళ్ల నడత ఎరిగిన పల్లె బోధకులే వాళ్లకు సాక్షులు. చదువురాని కూలివాళ్లకు అదే న్యాయమైన పద్ధతి. బట్టీ పరీక్ష పెడితే ముందు వెనక్కి పోయేది వాళ్లే.

పాతగుడిగంట:
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ తొందరపడితే ఏమవుతుందో అపొ. 8లో ఉంది. గారడీ సీమోను ఫిలిప్పు బోధ విని బాప్తిస్మం పొంది, ఆ వెంటనే పరిశుద్ధాత్మను ఇచ్చే అధికారం కోసం అపొస్తలుడు పేతురు దగ్గరికి డబ్బు తెచ్చాడు. తొలి క్రైస్తవుల బోధల పుస్తకమైన డిడాకే కాలానికే, బాప్తిస్మానికి ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసముండమని చెప్పారు.

గుండ్లకమ్మ:
ఒకటి రెండు రోజులన్నా, మూడు నెలలు కాదు! సీమోను విషయంలోనూ పేతురు ఫిలిప్పును తప్పుపట్టలేదు, మారుమనస్సు పొందమని సీమోనుకే చెప్పాడు. మత్తయి 28:19-20లో వరుస చూడండి: బాప్తిస్మమిచ్చాక, గైకొనమని బోధించడం. మన సంఘాల్లో చాలాచోట్ల తేడా జరిగేది ఈ రెండోదానిలోనే. బాప్తిస్మం మరుసటి ఆదివారం నుంచి కొత్తవాళ్లను పట్టించుకునేవాళ్లుండరు.

కృపాతీరం:
అయితే తేదీ ముందే ఖాయం చేసి, తరగతులు దానికి అటూ ఇటూ పెట్టొచ్చు కదా? ముందు రెండు మూడు కూడికలు చాలు: యేసు ఎవరు, ఆయన సిలువ నాకెందుకు, ఇకపై ఎవరి మాట వింటాను. జవాబు సొంత మాటల్లో, వాళ్ల యాసలోనే చెప్పనివ్వాలి. మిగతా తొమ్మిది వారాలు బాప్తిస్మం తర్వాత, ఒక సంఘపెద్ద వాళ్లింటికే వెళ్లి నేర్పాలి.

పాతగుడిగంట:
ఆ పెద్ద పేరు కూడా బాప్తిస్మం రిజిస్టరులో రాయించండి. అలాగైతే నాకు అభ్యంతరం లేదు.