22 ఏళ్లు రాకుంటే ప్రో ఆట ఆడకూడదా? అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ వయసు నిబంధనపై చర్చ

డల్లాస్ నాన్న:
మా అమ్మాయి హైస్కూల్ టీమ్‌లో గార్డ్. నిన్న అన్నం తింటూ అడిగింది: "నాన్నా, కైట్లిన్ క్లార్క్ ఒక్క నెల ముందు పుట్టుంటే 2023లోనే ప్రో అయ్యేదా?" క్లార్క్ అంటే 2024లో ప్రో అయిన కాలేజీ స్టార్. లెక్క చూస్తే నిజమే. ఇక్కడి అమ్మాయి నాలుగేళ్ల కాలేజీ పూర్తి కాకుండా డ్రాఫ్ట్‌కి (లీగ్ టీమ్‌లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి) వెళ్లాలంటే ఆ ఏడాదిలో 22 నిండాలి. ఇంకో కాలేజీ స్టార్ పేజ్ బెకర్స్ పుట్టింది 2001 అక్టోబర్‌లో, క్లార్క్ 2002 జనవరిలో. ఇద్దరూ 2020లోనే కాలేజీలో చేరారు. 2023లో బెకర్స్‌కి అర్హత వచ్చింది, క్లార్క్‌కి రాలేదు. అప్పటికే క్లార్క్ తన అయోవా యూనివర్సిటీ టీమ్‌ను కాలేజీ టోర్నమెంట్ ఫైనల్ దాకా తీసుకెళ్లింది! ఎన్‌బీఏకి వెళ్లే అబ్బాయికి 19 చాలు, డబ్ల్యూఎన్‌బీఏకి వచ్చే విదేశీ అమ్మాయికి 20 చాలు. మన కళ్ల ముందు పెరుగుతున్న ఈ పిల్లలకే 22 ఎందుకు? తీసేయాలంటాను. మీరేమంటారు?

పాత పాయింట్ గార్డ్:
నేను ఒప్పుకోనండీ. మా రోజుల్లో యూనివర్సిటీ టీమ్‌కి సిమెంట్ కోర్టు మీద ఆడాను. మోకాలు తిరిగిపోయిన రోజు ఐస్ ముక్కలు ఇచ్చింది గేటు దగ్గర సోడా బండి అతను. ఫిజియో లేడు, అడిగినవాళ్లు లేరు. నా ఆట అక్కడితో సరి. బెకర్స్ సంగతి చూడండి. 2022 ఆగస్టులో మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగింది, ఒక సీజన్ మొత్తం పోయింది. అయినా స్కాలర్‌షిప్ ఉంది, ట్రైనర్లు ఉన్నారు, కనెక్టికట్ యూనివర్సిటీ టీమ్ ఎదురుచూసింది. 2024లో డ్రాఫ్ట్‌కి వెళ్లగలిగీ ఆగింది. 2025 ఏప్రిల్‌లో సౌత్ కరోలినాను 82-59తో ఓడించి కాలేజీ కప్పు గెలిచాకే మీ డల్లాస్‌కి మొదటి పిక్‌గా (డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికై) వచ్చింది.

ఇంకోటి, సీట్లు. 2024లో 12 టీమ్‌లు, టీమ్‌కి 12 మందే. డ్రాఫ్ట్‌లో 36 మందిని తీసుకున్నా, మే నెల వచ్చేసరికి క్యాంప్‌లోనే చాలామందిని ఇంటికి పంపేస్తారు. అబ్బాయిలకైతే ఎన్‌బీఏ కింద ఆటగాళ్లను తయారుచేసే జీ లీగ్ ఉంది. డబ్ల్యూఎన్‌బీఏకి అలాంటి సొంత లీగ్ లేదు. చోటు దొరక్కపోతే 19 ఏళ్ల పిల్ల బ్యాగు సర్దుకుని టర్కీకో ఆస్ట్రేలియాకో పోవాలి.

రాత్రి మ్యాచ్‌ల అభిమాని:
డబ్బు మాటా వద్దా? క్లార్క్ మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. 2021 జూలై నుంచి కాలేజీ పిల్లలు ప్రకటనలతో సంపాదించుకోవచ్చు కాబట్టి, పేరున్న క్రీడాకారిణికి తొందరేమీ లేదు. క్లార్క్ మొదటి ప్రో మ్యాచ్ నేను హైదరాబాద్‌లో తెల్లవారుజామున 5కి లేచి చూశాను. బంతి అందగానే అవతలి టీమ్‌వాళ్లు ఇద్దరు మీద పడిపోయేవాళ్లు. 20 పాయింట్లు కొట్టింది గానీ 10 టర్నోవర్లు, అంటే పదిసార్లు బంతి పోగొట్టుకుంది. కాలేజీలో నాలుగేళ్లు ఆడి, 3,951 పాయింట్లు చేసి వచ్చిన పిల్లకే అంత టెన్షన్ అయితే, 19 ఏళ్లకి వస్తే?

డల్లాస్ నాన్న:
అది 2024 మే 14. జూలై 17న డల్లాస్ పక్కనున్న అర్లింగ్టన్‌లో నేనూ మా అమ్మాయీ ఆమె మ్యాచ్‌లోనే ఉన్నాం. అదే క్లార్క్ 19 అసిస్ట్‌లు (తోటివాళ్లు బాస్కెట్ వేసేలా పాస్‌లు) ఇచ్చి లీగ్ రికార్డు రాసింది. ఆమె టీమ్ ఇండియానా ఫీవర్ ఓడిపోయింది, అయినా మా పక్క సీట్లవాళ్లు లేచి నిలబడ్డారు. రెండు నెలల్లో అది నేర్పింది లీగే కదా! ఆగినవాళ్లందరికీ కప్పు దొరకదు కూడా. ఇంకో స్టార్ సబ్రీనా అయొనెస్కూ 2019లో డ్రాఫ్ట్‌కి వెళ్లగలిగీ కాలేజీ కప్పు కోసం ఆగింది. 2020 మార్చిలో కోవిడ్‌తో టోర్నమెంటే రద్దయింది. జ్యువెల్ లాయిడ్ 2015లో ఏడాది ముందే కాలేజీ వదిలింది, సియాటిల్‌కి మొదటి పిక్, ఆ ఏడాది ఉత్తమ కొత్త క్రీడాకారిణి. ఆమెకి 22 నిండింది అక్టోబర్‌లో. మూడు నెలలు ఆలస్యంగా పుట్టి ఉంటే? పుట్టినరోజును బట్టి బతుకు నిర్ణయిస్తే ఎలా?

పాత పాయింట్ గార్డ్:
పుట్టినరోజు మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. అందరికీ 20 చేయండి, సరే. కానీ ఒక షరతు. అబ్బాయిలు డ్రాఫ్ట్‌కి పేరిచ్చి, తమ స్థానం ఎక్కడో చూసుకుని, గడువులోపు కాలేజీకి తిరిగి రావచ్చు. అమ్మాయిలు మాత్రం పేరిచ్చేటప్పుడే మిగిలిన కాలేజీ ఆట వదులుకోవాలి. ముందు ఆ వెనక్కి వచ్చే దారి తెరవండి. అప్పుడు వయసు తగ్గించమని నేనూ అడుగుతాను.

డల్లాస్ నాన్న:
ఈ షరతుకి నేను సిద్ధమండీ. మా అమ్మాయికి చదివి వినిపించాను, "ఆ ఆంటీ ఏ పొజిషన్?" అని అడుగుతోంది.